రెండో నంబరు మీట

జూన్ 3, సోమవారం

కొత్త పుస్తకం. పాతదాంట్లో మార్చి పద్నాలుగు తర్వాత అన్నీ ఖాళీ పేజీలే. అందులో రాయబుద్ధి కాలేదు.

తనిఖీ పుస్తకం మొదటి పేజీలో పరికరం వివరాలు రాయాలి. తూనికలు, కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు అదే చేశాను. ఇప్పుడూ రాస్తున్నాను.

పరికరం: టీవీ వెనక అంటించిన నల్లపెట్టె. ఈ ఇంట్లో ఎవరు ఏ కార్యక్రమం చూస్తున్నారో రేటింగుల కంపెనీకి లెక్క పంపుతుంది. దానికో చిన్న రిమోట్. మనిషికొక మీట. చూడ్డానికి కూర్చోగానే ఎవరిది వాళ్ళు నొక్కాలి. ఒకటి నాది. రెండు తనది, మా ఆవిడది. మూడు ఎవరిదీ కాదు. నాలుగు ఇంటికి వచ్చినవాళ్ళది. పెట్టి ఏడాదిన్నర అయింది. ఇంట్లో ఇది ఉందని బయట చెప్పబోమని సంతకం పెట్టాం. అమ్మాయి అప్పటికే ఉద్యోగం దగ్గర ఇల్లు తీసుకుని వెళ్ళిపోయింది కనక దానికీ చెప్పలేదు.

అయిదున్నరకు టీవీ పెట్టాను. రెండు నొక్కాను.

జూన్ 4, మంగళవారం

అయిదున్నర. రెండు.

జూన్ 5, బుధవారం

అయిదున్నర. రెండు.

నొక్కకపోతే పెట్టెవాళ్ళ లెక్క పాడవుతుంది. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చెయ్యాలి. అంతకంటే ఏమీ లేదు.

జూన్ 7, శుక్రవారం

తను చూసేది 'అవతలి గట్టు'. పిల్లల చానెల్లో తెలుగు మాటలతో వస్తుంది. కార్టూన్ అంటే అమ్మాయి ఊరుకోదు, యానిమే అనాలి. అడుగు కనపడని లోయ. దాని మీద వంతెన కట్టే అక్కాతమ్ముళ్ళు. వాళ్ళకు పని నేర్పే తాపీ ముసలమ్మ. రోజూ సాయంత్రం అవతలి గట్టు మీద ఎవరో దీపం పెడతారు. ఎవరో తెలియదు. మొత్తం యాభై రెండు భాగాలట. తెలుగులో ముప్పై ఒకటే వచ్చాయి. ఆ ముప్పై ఒకటోది మార్చి మొదటి వారంలో, ముందుగదిలో మంచం వేయించుకుని చూసింది. ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి వేస్తున్నారు.

నేను చూడను. ఆ వేళకు వంటగదిలో గిన్నెలు తోముకుంటుంటాను. వినపడుతుంది, అంతే.

ఇవాళ తమ్ముడు తాడు కొలిచి రెండు మూరలు తప్పాడు. కొలిచినప్పుడు తాడు తడిగా ఉంది, వాడది చూసుకోలేదు. తడి తాడుతో కొలవకూడదని ఎవరైనా చెప్పాలి కదా.

జూన్ 9, ఆదివారం

అమ్మాయి వచ్చింది. ఫిజియోథెరపీ చేస్తుంది. వారమంతా ఊళ్ళోవాళ్ళ భుజాలూ మోకాళ్ళూ వంచి, ఆదివారం వచ్చి నా మెడ వంచుతానంటుంది.

ఫోను చూసుకుంటూ ఒకసారి నవ్వుతోంది, ఒకసారి పళ్ళు కొరుకుతోంది. ఏమిటని అడిగాను. వాళ్ళమ్మ పోయాక దాన్ని నేనుగా ఏదైనా అడగడం ఇదే మొదలేమో. ఫోను దించింది.

"యుద్ధం నాన్నా."

"ఎవరితో?"

"పిడికిలి గాళ్ళతో."

'ఉక్కు పిడికిలి' అని అదే చానెల్లో ఆరింటికి వచ్చే ఇంకో యానిమే. దాన్నీ సగంలోనే ఆపారు. ఇప్పుడు రెంటిలో ఒక్కదానికే మిగతా డబ్బింగు చేయిస్తారట. జూన్ నెల రేటింగులు చూసి ఏదో తేలుస్తారట. గురువారం గురువారం అంకెలు వస్తాయి. అభిమానుల గ్రూపు రెండుగా చీలింది. గట్టు పక్షం, పిడికిలి పక్షం. గట్టు పక్షంలో మా అమ్మాయి పేరు 'తాపీ మనవరాలు'.

"వినిపిస్తాను ఉండు. 'మీవాళ్ళు ముప్పై భాగాలయినా సగం వంతెన కట్టలేదు, మా వీధి కాంట్రాక్టరే నయం.' ఇది వాళ్ళది. దానికి నా జవాబు. 'మీవాడు ఒక్క గుద్దు గుద్దడానికి నాలుగు భాగాలు అరుస్తాడు. అది తగిలేలోపు అవతలివాడికి పింఛను వస్తుంది.'"

నవ్వాను. పైకే. ఆ చప్పుడుకు ఇద్దరం ఒక్క క్షణం ఆగాం.

"చివరికి ఏమవుతుందో నీకు తెలుసుగా. జపాను మాటల్లోనే చూసేశావుగా" అన్నాను.

"తెలుసు. అమ్మ చెప్పనిస్తేనా! కింద అక్షరాలు చదువుకోడానికి కాదే, వినడానికి కూర్చున్నా అనేది."

తను టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరు. మనుషుల్ని గొంతుతో గుర్తుపట్టేది. తమ్ముడి పాత్రకు గొంతిచ్చిన కుర్రాడికి పడిశం పట్టిందని వారంపాటు బెంగపెట్టుకుంది.

"నీకు చెప్పనా, ఆ దీపం ఎవరు పెడతారో?"

"వద్దు. నేను చూడను కదా."

జూన్ 12, బుధవారం

అయిదున్నర. రెండు.

ముసలమ్మ అక్కతో అంటోంది, "గట్టు కనపడకపోతే లేనట్టు కాదే పిల్లా, మంచు పడ్డట్టు." తను ఈ మాట ఆసుపత్రి పరీక్షల కాగితం చేతికొచ్చిన రోజు నాతో అంది. ఎక్కడిదో అప్పుడు తెలియలేదు.

జూన్ 16, ఆదివారం

అమ్మాయి ఫోనులో ఒక పట్టీ చూపించింది. ప్రకటనల ఆఫీసులో పనిచేసే అభిమాని ఎవరో గ్రూపులో పెట్టాడట. వయసులవారీగా, ఊళ్ళవారీగా గళ్ళు. మా ఊరంత పట్టణాల గుంపులో, 'యాభై దాటిన స్త్రీలు' అనే వరుసలో, ఆ చానెల్‌కు పొద్దుటినుంచి సాయంత్రం దాకా సున్నాలే. అయిదున్నర గడిలో మాత్రం ఒక చిన్న అంకె.

"ఎక్కడో ఒకావిడ ఉంది నాన్నా. అమ్మ వయసావిడ. రోజూ మనది చూస్తోంది."

"ఒక్కరేనంటావా?"

"పెట్టెలున్న ఇళ్ళే తక్కువ. వాటిలో ఈ వయసువాళ్ళు చూసే ఇల్లంటే ఒకటే అయ్యుంటుంది." ఆ గడిని వేళ్ళతో పెద్దది చేసింది. "అమ్మ పోయాక ఇదే మొదటిసారి తెలుసా, గురువారం వస్తోందంటే నాకు సంతోషంగా ఉండటం. ఆవిడ ఎవరో, చల్లగా ఉండాలి."

టీ పెడతానని లేచాను. చక్కెర రెండుసార్లు వేశానట. అంటూనే తాగేసింది.

జూన్ 18, మంగళవారం

మీటరావిడ వచ్చింది. రేటింగుల కంపెనీ నుంచి నెలకోసారి వచ్చి పెట్టె చూసి వెళ్తుంది. నలభై అయిదేళ్ళుంటాయి. భుజాన సంచి, సంచిలో స్క్రూడ్రైవర్లు, నోటినిండా కబుర్లు.

"అమ్మగారు కులాసాయేనా బాబాయిగారూ? ఒక్కపూట తప్పకుండా చూస్తున్నారు."

"కులాసాయే. పడుకుంది."

ఏప్రిల్‌లో అదే చెప్పాను. మేలో అదే చెప్పాను.

మూసి ఉన్న గది తలుపు చూసి గొంతు తగ్గించింది. పని ముగించి వెళ్ళేదాకా గుసగుసగానే మాట్లాడింది.

జూన్ 20, గురువారం

ఫోనులో అమ్మాయి గొంతు మండుతోంది. పిడికిలి పక్షంలో 'లెక్కల పంతులు' అని ఒకడున్నాడట. నిమిషాలవారీ పట్టీ సంపాదించి కూర్చుని చూశాడు. వాడు రాసింది చదివింది. నేను కాగితం మీద రాసుకున్నాను. ఇదీ అది.

"ఈ యాభై దాటినావిడ అయిదున్నరకు మొదలుపెడుతుంది, ఆరుకు ఆపుతుంది. మధ్యలో ఒక్క నిమిషం తగ్గదు. ప్రకటనలు కూడా కదలకుండా చూస్తుంది. బతికున్న మనిషెవరైనా మధ్యలో ఒకసారి లేస్తారు. నీళ్ళకో, తలుపు తియ్యడానికో. ఇలాంటి మనిషి లేదు. గట్టు గాళ్ళు పుట్టించారు."

"నువ్వు చెప్పు నాన్నా, లెక్కలు నీకు తెలుసుగా. వీడు కూసింది ఏమైనా లెక్కా?"

"లెక్క బాగా చేశాడు" అన్నాను.

"నువ్వు ఎవరి పక్షం అసలు?" అని పెట్టేసింది.

లెక్క బాగా చేశాడు.

జూన్ 21, శుక్రవారం

అయిదున్నర. రెండు. అయిదూ నలభై ఒకటికి మీట ఆపాను. నలభై నాలుగుకు మళ్ళీ నొక్కాను.

నీళ్ళకు.

జూన్ 24, సోమవారం

రెండుసార్లు. ఒకటి నీళ్ళకు, ఒకటి తలుపుకు. బెల్లు ఎవరూ కొట్టలేదు. కానీ బెల్లు కొడితే తనే తియ్యాలనేది, ఒంట్లో బాగాలేనప్పుడు కూడా. కనక అందులో తప్పేమీ లేదు.

జూన్ 25, మంగళవారం

ఒక్కసారే. రోజూ రెండేసి సార్లయితే అదీ అనుమానమే.

జూన్ 26, బుధవారం

రెండో స్తంభం వేలెడు వంగింది. తమ్ముడన్నాడు, పైన గచ్చు పూస్తే ఎవరికీ కనపడదని.  ముసలమ్మ ఉలి తీసుకుని తనే పై రాయి ఊడగొట్టడం మొదలుపెట్టింది. సాయంత్రానికి ముగ్గురూ కలిసి స్తంభం మొత్తం విప్పేశారు. పదకొండు భాగాల పని.

నేను పట్టుకున్న తూకం దొంగల్లో ఒకడు గుర్తొచ్చాడు. తక్కెడ పళ్ళెం కింద మైనం అంటించేవాళ్ళు మామూలు దొంగలు. వీడు తూకపురాయి అడుగున సీసం తొలిచి, ఆ కన్నంలో బెండు కూరి, పైన మా శాఖ ముద్రను అచ్చుగుద్దినట్టు దిద్దాడు. అది నేను వేసిన ముద్ర కాదని తేల్చుకోడానికి నాకే గంట పట్టింది. ఎందుకింత కష్టపడ్డావని అడిగాను. "మీ ముద్ర ఉంటే ఎవరూ తిరిగి తూచరు సార్" అన్నాడు.

ఇవాళ మధ్యలో ఆపలేదు.

జూన్ 27, గురువారం

"నాన్నా! లేచింది!"

"ఎవరు?"

"ఆవిడ! శుక్రవారం మూడు నిమిషాలు లేచింది. పట్టీ వచ్చింది. పంతులు నోరు మూతపడింది. నేనేం పెట్టానో తెలుసా? 'ఆవిడ నీళ్ళు తాగడానికి వెళ్ళింది, నువ్వూ వెళ్ళి తాగు' అని పెట్టాను."

నవ్వుతూనే ఉంది. నవ్వు మధ్యలో గొంతు మారింది.

"అమ్మ కూడా అంతే కదా నాన్నా. ప్రకటన రాగానే మంచినీళ్ళనేది."

"ఊఁ."

"ఊఁ ఏంటి, సంతోషం లేదా నీకు?"

ఉందన్నాను.

జూన్ 28, శుక్రవారం

మీటరావిడకు ఫోను చేశాను. రేపు వస్తానంది.

అయిదున్నర. రెండు. చివరిసారి.

జూన్ 29, శనివారం

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. గది తలుపు తీశాను. మంచం మీద పరుపు చుట్టి ఉంది.

లేచి గుమ్మం దాకా వెళ్ళి చూసింది.

"ఎప్పుడు?"

"మార్చి పద్నాలుగు."

"నేను ఏప్రిల్‌లో వచ్చాను."

"అవును."

"మేలో వచ్చాను. మొన్న వచ్చాను. అమ్మగారు లేస్తారేమోనని గుసగుసగా మాట్లాడాను."

"అవును."

సంచి జిప్పు తీసింది. మళ్ళీ వేసింది. "నా ఉద్యోగానికి ఎసరు పెట్టారు కదా బాబాయిగారూ. నాతో చెప్తే ఏం పోయేది? ఆ మీట తీసేస్తాననేగా?"

"అవును."

"తియ్యక తప్పదు మరి."

"అందుకే పిలిచాను."

పెట్టె దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఒక మాట అడుగుతాను. అయిదున్నరకు టీవీ పెట్టేది ఎవరు?"

"నేనే."

"అరగంటసేపు ఎక్కడుంటారు?"

"వంటగదిలో. గిన్నెలు తోముతూ."

"ఒంటి మనిషికి అరగంట గిన్నెలా! సరే. నిన్న ఏమైంది కథలో?"

చెప్పాను. విప్పిన స్తంభం మళ్ళీ మొదలుపెట్టడం, అక్క చేతికి దెబ్బ తగలడం, ముసలమ్మ కళ్ళద్దాలు జారి లోయలో పడిపోవడం, ఎవరికీ చెప్పకుండా ఆవిడ రాళ్ళను వేళ్ళతో తడిమి పేర్చడం. కొంచెం ఎక్కువే చెప్పానేమో.

"కళ్ళద్దాలు పడటం వంటగదిలోకి ఎలా వినపడింది?" అంది.

ఆవిడ పెట్టె వైపు వేలు చూపించింది.

"మార్చి నుంచి మీ ఒకటో మీట ఒక్కసారి వెలగలేదు. వార్తలకు కూడా. మీరు ఒక్క దొంగలెక్క రాశాననుకుంటున్నారు. రెండు రాశారు. లేనావిడ్ని ఉందన్నారు. ఉన్నాయన్ని లేడన్నారు."

ఫారం నింపింది. జూన్ నెలలో ఆ వరుసలో మా ఇంటి లెక్క మొత్తం కొట్టేస్తారట. ఆ సీరియల్ ఉంటుందో పోతుందో ఆ నెల అంకెల మీదే ఉందని నాకు తెలుసు. ఆవిడకు చెప్పలేదు. చెప్తే జాలిపడి ఆగుతుందేమోనని. సంతకం పెట్టాను.

పెట్టెలో ఏదో మార్చి రిమోట్ నా చేతికిచ్చింది. "నొక్కి చూడండి."

రెండు నొక్కాను. దీపం వెలగలేదు.

"మీ ఇంటిని తీసేస్తారో ఉంచుతారో పైవాళ్ళు చెప్తారు. ఉన్నన్నాళ్ళూ మీరు చూస్తే ఒకటి, ఎవరైనా వస్తే నాలుగు. ఇంకేం వద్దు." గడప దాటి, మామూలు గొంతుతో, గట్టిగా అంది. "వస్తాను బాబాయిగారూ."

జూన్ 30, ఆదివారం

అమ్మాయితో చెప్పలేదు. రోజంతా చెప్పలేదు.

జూలై 1, సోమవారం

గిన్నెలు పొద్దున్నే తోమేశాను.

అయిదున్నర. ఒకటి.

కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా కూర్చుని చూస్తే రంగులు ఇంత బాగుంటాయని తెలియలేదు. ప్రకటనలప్పుడు పొయ్యి ఆపడానికి లేచాను. లేచినప్పుడు ఒకటి ఆపాను. వచ్చి మళ్ళీ నొక్కాను.

జూలై 4, గురువారం

జూన్ అంకెలు దిద్ది మళ్ళీ పెట్టారు. యాభై దాటిన స్త్రీలు, సున్నా. నాలుగు వారాలూ సున్నా.

అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే నయమనిపించింది. పిడికిలివాళ్ళు పండగ చేసుకుంటున్నారట. పంతులు ఒక్కడే "నేను చెప్పలేదా" అని కూడా అనకుండా ఊరుకున్నాడట.

"ఆవిడకేమైనా అయ్యుంటుందా నాన్నా?"

"సోమవారం సాయంత్రం సెలవు పెట్టు. అయిదింటికి రా" అన్నాను.

"ఎందుకు?"

"రా."

జూలై 8, సోమవారం

అయిదుంబావుకు వచ్చింది. ముందుగదిలో రెండు కుర్చీలు చూసింది. రిమోట్ చేతికిచ్చాను.

"ఇదేంటి?"

"మీటరు. మనది పెట్టె ఉన్న ఇల్లు. వచ్చినవాళ్ళు నాలుగు నొక్కాలి. గ్రూపులో చెప్పకూడదు."

చేతిలో అటూ ఇటూ తిప్పింది. రెండో మీట మీద అంకె అరిగి సగమే మిగిలింది. మిగతావి కొత్తవాటిలా ఉన్నాయి. బొటనవేలు ఆ అరిగినచోట పెట్టి ఉంచింది.

"ఆవిడ..."

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"మార్చి నుంచి."

"మధ్యలో లేవడం?"

"అదీ నేనే. అది ఇంకా పెద్ద తప్పు. ఆ లెక్క నేనే కొట్టేయించాను. మీ సీరియల్ పోతే నా వల్లే."

కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. దగ్గరికి వెళ్ళాలని తెలుసు. వెళ్ళాను. వెళ్ళాక ఏం చెయ్యాలో తెలియక భుజం మీద చెయ్యి పెట్టాను. రోజూ ఊళ్ళోవాళ్ళ భుజాలు పట్టే పిల్ల భుజం అది.

"రోజూ ఆవిడతో మాట్లాడుకునేదాన్ని నాన్నా. మనసులో."

"నేనూ."

ముక్కు చీదుకుంది. "ఆవిడ తరఫున ఎంతమందితో తిట్లు తిన్నానో తెలుసా నీకు? ఒకడు నన్ను లోయలో దూకమన్నాడు."

పాట మొదలైంది. కూర్చున్నాం. నేను మీట నొక్కాను.

"ఏం నొక్కావు?"

"ఉన్నానని."

రిమోట్ తీసుకుని అది నాలుగు నొక్కింది. ఆకుపచ్చ దీపాలు రెండు వెలిగాయి.

ప్రకటనలు రాగానే లేచింది. కూర్చోమన్నాను.

"లేవాలి నాన్నా. లేకపోతే పంతులు ఒప్పుకోడు" అని నాలుగు ఆపి మంచినీళ్ళకు వెళ్ళింది. రెండు గ్లాసులు తెచ్చింది.

జూలై 11, గురువారం

అమ్మాయి ఫోను. ఆవిడ వరుస సున్నాగానే ఉంది. పక్క వరుసలో, 'యాభై దాటిన పురుషులు' అన్నచోట, అయిదున్నర దగ్గర కొత్తగా ఒక చిన్న అంకె.

లెక్కల పంతులు రాశాడట. "ఈయన నిజం మనిషే. ఒకటో తారీఖు సోమవారం పొయ్యి మీద ఏదో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రకటన రాగానే పరిగెత్తాడు."

"పొయ్యి సంగతి వాడికెలా తెలిసింది నాన్నా?"

"లెక్క బాగా చేస్తాడని చెప్పానుగా."

"ఊరికే అని ఉంటాడులే. ఇంతకీ ఏం పెట్టావు పొయ్యి మీద?"

"పాలు."

"పొంగాయా?"

"పొంగలేదు."

జూలై 19, శుక్రవారం

చానెల్ ప్రకటించింది. 'ఉక్కు పిడికిలి' మొత్తం డబ్బింగు చేయిస్తారు. 'అవతలి గట్టు' ముందు పది భాగాలు. మిగతా పదకొండు ఆ పదింటి అంకెలు చూశాక.

"సగం గెలిచాం, సగం ఓడాం" అంది అమ్మాయి. "పంతులు మనకు శుభాకాంక్షలు పెట్టాడు. వాడూ రోజూ మనది చూస్తున్నాడట నాన్నా. లెక్క కోసం చూడ్డం మొదలుపెట్టాడట. ఇప్పుడు దీపం ఎవరిదో తెలియక నిద్రపట్టట్లేదట."

మా ఇంటి అంకె వల్ల వచ్చింది కాదు. ఒక్క ఇంటితో ముల్లు కదలదు, ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ పది భాగాలూ దొంగ తూకంతో వచ్చినవి కావు. అది చాలు.

తమ్ముడి గొంతు పాత కుర్రాడిదేనట. తనకు చెప్పాలనిపించింది. గదిలోకి వెళ్ళి చెప్పాను. కిటికీ తీశాను. పరుపు ఎండలో వేశాను.

ఆగస్టు 5, సోమవారం

ముప్పై రెండో భాగం. తను చూడనిది.

అయిదున్నర. ఒకటి. నాలుగు.